అమ్మ చేతిలో ఫోన్, నాలుగు పేజీలు

నిన్న రాత్రి మేనకోడలు నా పక్కన కూర్చుని ఫోన్‌లో ఇంగ్లీషు నవల చదువుతోంది. ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌ అనే ఉచిత పుస్తకాల వెబ్‌సైట్ నుంచి దించుకుందట, పైసా ఖర్చు లేదు. తెలియని మాట మీద వేలు నొక్కి పట్టుకుంటే అర్థం వచ్చేస్తోంది. నేను ఇంటర్‌లో ఉన్నప్పుడు ఆదివారాలు అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఒక్క పుస్తకం కోసం బేరమాడి, బస్సు డబ్బులు కూడా అందులోనే పెట్టేసి నడిచొచ్చేవాణ్ణి. డిక్షనరీ మా వీధి మొత్తానికి ఒక్క మాస్టారింట్లోనే ఉండేది.

1971 జూలై 4న ఇల్లినాయ్ యూనివర్సిటీలో మైకేల్ హార్ట్ అనే విద్యార్థి అమెరికా స్వాతంత్ర్య ప్రకటనను కంప్యూటర్‌లో టైప్ చేశాడు. అలా మొదలైన ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ ఇవాళ 70,000 పుస్తకాలు దాటింది. ఎంత గొప్ప పనో! వాటిలో చాలా భాగం ఇంగ్లీషువే.

అటు మంచం మీద అమ్మ. తనకీ ఓ పాత తెలుగు నవల దించిపెట్టాను. స్కాన్ చేసిన పీడీఎఫ్, అంటే పేజీల ఫోటోలే. అక్షరం పెద్దది చేస్తే లైను స్క్రీన్ దాటిపోతుంది. వేలితో అటు జరిపి, మళ్ళీ ఇటు లాగి, ఏ లైనులో ఉందో వెతుక్కుని... నాలుగు పేజీలకే కళ్ళజోడు తీసేసింది. "నావల్ల కాదు నాన్నా, రేపు నువ్వే చదివి వినిపించు" అంది.

పిల్ల ఇంగ్లీషు చదువుతుంటే నాకు సంతోషమే. ఆ సుఖం అమ్మకి తెలుగులో లేదనేదే బాధ.

తెలుగు వికీసోర్స్‌లో (అందరూ కలిసి నడిపే ఉచిత ఆన్‌లైన్ గ్రంథాలయం) కొందరు పాత పుస్తకాల స్కాన్లను అక్షరాల్లోకి మార్చి, పేజీ పేజీ దిద్ది పెడుతున్నారు. ఈ రాత్రి నేనూ ఖాతా తెరిచాను. మొదటి పేజీకి నలభై నిమిషాలు పట్టింది.