కొండల్లో దారి తప్పాక: నేనున్న చోటు చెప్పడానికి పడిన యాతన

జనసంచారం లేని కొండల్లో దారి తప్పి, రాత్రంతా అక్కడే గడిపి, సహాయక బృందం వెంట క్షేమంగా కిందికి దిగి వచ్చాను. ముళ్ళు గీసుకున్న గాయాలు ఇంకా మానలేదు కానీ, నన్ను బాధిస్తున్నవి అవి కావు. చేతిలో ఫోను ఉండి, నేనున్న చోటు అంకెలతో సహా తెలిసి ఉండి కూడా, దాన్ని అవతలి మనిషికి అర్థమయ్యేలా చెప్పడానికి పడిన యాతనే మనసును వదలడం లేదు.

దారి తప్పిన వైనం గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. చెట్లు దాటి రాళ్ళ నేల మీదికి రాగానే పొగమంచు కమ్మింది, దారి గుర్తుగా పేర్చిన రాళ్ళ కుప్పలు కనిపించకుండా పోయాయి, మంచు కాస్త పలచబడేసరికి నేను వేరే వాలు మీద ఉన్నాను. సూర్యుడూ గుర్తులూ కనిపించనప్పుడు మనిషి తిన్నగా పోతున్నాననుకుంటూనే చుట్టు తిరిగి మొదటికి వస్తాడని 2009లో జర్మనీలోని మాక్స్ ప్లాంక్ పరిశోధన సంస్థవాళ్ళు అడవిలోనూ ఎడారిలోనూ మనుషులను నడిపించి చూసి తేల్చారు. అది తెలుసు కనుక ఇంకా నడవకుండా ఆగిపోయాను. వాగు వెంట దిగితే ఎక్కడో ఒకచోట ఊరు తగులుతుందని సలహా చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. కొండల్లో వాగు మనిషికి దారి చూసుకుంటూ పోదు, నిట్టనిలువు బండ మీంచి దూకుతుంది. ఆ సలహాను నేను పాటించలేదు, మీరూ పాటించకండి.

కొంచెం పైకి ఎక్కితే ఒక బండ దగ్గర సిగ్నల్ దొరికింది. అత్యవసర నంబరుకు ఫోను చేశాను. అసలు కష్టం అక్కడే మొదలైంది.

ఫోను ఎత్తిన వ్యక్తి మొదట అడిగింది వీధి పేరు. కొండ మీద ఉన్నానని చెబితే, "దగ్గరలో ఏ ఊరు, ఏ రోడ్డు చెప్పండి సార్, అది నింపితే గానీ ముందుకు పోదు" అన్నారు. అక్షాంశ రేఖాంశాలు చదువుతానంటే, అవి రాసుకునే గడి లేదన్నారు. పట్టుబట్టిన మీదట మరొకరికి కలిపారు. ఆవిడ అంకెలు రాసుకుని తిరిగి చదివారు. నేను "చుక్క తరువాత నలభై" అని చెప్పినదాన్ని ఆవిడ "నలభై నిమిషాలు" అని చదివారు. నా గుండె ఆగినంత పనైంది.

డిగ్రీకి 60 నిమిషాలు. ఫోనులో కనిపించిన 0.40 డిగ్రీ అంటే 24 నిమిషాలు మాత్రమే. దాన్ని 40 నిమిషాలని రాస్తే తేడా 16 నిమిషాలు. అక్షాంశంలో ఒక్కో నిమిషం సుమారు 1.85 కిలోమీటర్లు కనుక, నాకోసం వచ్చేవాళ్ళు దాదాపు 30 కిలోమీటర్ల అవతల ఏదో లోయలో వెతుకుతారు. ఈ లెక్క చలికి వణుకుతూ వివరించబోతే, "మీరు కంగారులో ఉన్నారు, మాకు అంకెలు చదవడం వచ్చు" అన్నారు. ఆ తరువాత, ఏమైనా తాగి ఉన్నారా అని అడిగారు. సాయం కోరినవాడిని ఆ ప్రశ్న అడగడం ఎంత అవమానమో, అడిగించుకున్నవాడికే తెలుస్తుంది. కాల్ మధ్యలో తెగిపోయింది. తడి వేళ్ళను తెర గుర్తించడం లేదు. చలికి బ్యాటరీ గీత చూస్తుండగానే తరిగిపోతోంది. ఫోనును చొక్కా లోపల పొట్టకు ఆనించుకుని వెచ్చబరిచి, మళ్ళీ తీశాను.

ఈసారి మాట్లాడలేదు, సందేశం పంపాను. కాల్ నిలవని సిగ్నల్‌లో కూడా చిన్న సందేశం ఒక్కోసారి పోతుంది. పైగా రాసి పంపిన అంకెను ఎవరూ మార్చి వినలేరు. "దశాంశ డిగ్రీలు, నిమిషాలు కావు" అని మొదటి వాక్యంగా రాసి, అక్షాంశ రేఖాంశాలు, గాయాలు లేవన్న మాట, నా దగ్గరున్న బట్టల వివరం, కదలకుండా ఉంటానన్న హామీ చేర్చి, ఊళ్ళో ఉన్న మిత్రుడికి పంపి, నేరుగా కొండ సహాయక బృందానికే చేర్చమన్నాను. ఫోనులోని జీపీఎస్ మనమున్న చోటును ఉపగ్రహాల సంకేతాలతో లెక్కగడుతుంది కనుక నెట్‌వర్క్ లేకున్నా అంకెలు వస్తాయి. బయలుదేరేముందే అవి ఏ రూపంలో కనిపిస్తాయో చూసుకుని, ఆ రూపం పేరు నేర్చుకోండి. ఫోనులో చెప్పవలసి వస్తే అంకె అంకెగా విడదీసి చెప్పి, తిరిగి చదివించుకోండి. అవతలివాళ్ళు విసుక్కున్నా వదలకండి.

రాత్రంతా సంచీని కింద పరుచుకుని, ఉన్న బట్టలన్నీ తొడుక్కుని కూర్చున్నాను. తెల్లవారాక నిమిషానికి ఆరుసార్లు ఈల ఊది, ఒక నిమిషం ఆగి, మళ్ళీ ఊదాను. ఆపదలో ఉన్నామని చెప్పే పద్ధతి అది. చాలాసేపటికి కింది నుంచి నిమిషానికి మూడు ఈలల జవాబు వినిపించింది. వచ్చినవాళ్ళు నా సందేశాన్ని కాగితం మీద రాసుకుని తెచ్చారు, దశాంశ చుక్కతో సహా. వాళ్ళు ఒక్క ప్రశ్న కూడా అనవసరంగా అడగలేదు.

తిరిగి వచ్చాక ఆ అత్యవసర కేంద్రానికి ఫిర్యాదు రాశాను. వీధి పేరు లేకుండా అక్షాంశ రేఖాంశాలు నింపే గడి ఒకటి పెట్టమనీ, ఆ అంకెలు ఏ రూపంలో ఉన్నాయో అడగడం సిబ్బందికి నేర్పమనీ కోరాను. జవాబు ఇంకా రాలేదు. మళ్ళీ రాస్తాను.