నీళ్ళ బిళ్ళ

ఈయన ఇవాళ నీళ్ళ బిళ్ళ, అదే కాళ్ళ వాపుకి మూత్రం ఎక్కువ పోయించే బిళ్ళ, ఎగ్గొట్టారు. అమలాపురంలో పెళ్ళి, బస్సులో మాటిమాటికీ ఎక్కడ దిగుతానంటారు. పోనీ, వచ్చాకైనా వేసుకోవచ్చుగా? వేసుకోరట. భోజనాల దగ్గర బావగారు చెవిలో ఊదారు: "ఆ బిళ్ళ రక్తంలో నీరంతా లాగేస్తుందిరా, చిక్కబడిపోద్ది." తమ్ముడికి ఇక అదే వేదం. డాక్టరు రాసింది చిత్తు కాగితం, నేను చెప్పింది నస. బావగారు ఇరిగేషన్‌లో చేసి రిటైరయ్యారు కదా, నీళ్ళన్నీ ఆయన లెక్కలోకే వస్తాయి. పైగా ఆ పెళ్ళిలో ఆవకాయ రెండుసార్లు వడ్డించారని గొప్పగా చెప్పడం! పాదం మీద వేలితో నొక్కి చూశాను. గుంట పడింది, ఎంతకీ పూడదు.

తాతయ్య కాళ్ళూ ఇలాగే ఉండేవి. అప్పటికి ఈ బిళ్ళలెక్కడివి? కాంపౌండరు కాలువ గట్టు మీద సైకిలేసుకుని వచ్చేవాడు. పొయ్యి మీద సిరంజి మరిగించి, మెర్సలిల్ సూది పిరుదుకి పొడిచేవాడు. అందులో పాదరసం ఉందని తెలిసి నేను తలుపు వెనకాల దాక్కునేదాన్ని, తాతయ్యకి ఎక్కడ వెండి మెరుపు వస్తుందోనని. మధ్యాహ్నం నుంచి ఇక మామ్మకి అదే పని. పోసినదల్లా ఎనామిల్ మగ్గుతో కొలిచి, మగ్గుకో బొగ్గు గీత గోడ మీద. గీతలు ఎక్కువ పడిన రోజు ఆవిడ మొహం చూడాలి. తాతయ్య మాత్రం ఉప్పు లేని మజ్జిగన్నం ముందు కూర్చుని సూదినీ, కాంపౌండరునీ, మామ్మనీ కలిపి తిట్టేవాడు.

అసలు ఈ పాదరసం మందుల సంగతి వియన్నాలో బయటపడింది, 1919లో. సుఖవ్యాధికని నోవాసురోల్ అనే పాదరసం మందు ఇస్తే, నర్సులు రాసిన చార్టులో మూత్రం లెక్క ఎగబాకింది. అది పట్టుకున్నది ఆల్ఫ్రెడ్ వోగ్ల్ అనే కుర్రాడు, అప్పటికింకా మెడికల్ విద్యార్థి. తర్వాత డాక్టర్లలో పెద్ద తగువు. మందు ముందు ఒంట్లో నీటిని రక్తంలోకి తోస్తుందా, లేక మూత్రపిండం మీదే పనిచేస్తుందా? మొదటిదైతే రక్తం పలచబడాలి, రెండోదైతే చిక్కబడాలి. అందుకని రక్తం తీసి హిమోగ్లోబిన్ తగ్గిందా పెరిగిందా అని చూసేవారు. చివరికి ఒక్క మూత్రపిండానికి వెళ్ళే ధమనిలోకే ఎక్కిస్తే అటువైపే మూత్రం పెరిగింది. పాదరసం అక్కడ ఉప్పుని తిరిగి రక్తంలోకి పోనివ్వదు, ఉప్పుతోపాటు నీరూ పోతుంది.

అంటే, ఛ, బావగారి మాట బొత్తిగా కొట్టెయ్యడానికి లేదు. రక్తం కాస్త చిక్కబడే మాట నిజమే. కానీ అలా చిక్కబడ్డ రక్తంలో ప్రొటీన్ల శాతం పెరిగి, కాళ్ళలో నిలిచిన నీటిని అవే లోపలికి లాక్కుంటాయి. మురుగు కాలువ పూడిక తీస్తే చేలో నిలవనీరు దిగినట్టు. ఇరిగేషనాయనకి ఈ ముక్క తెలియదా? వాపు లేని మనిషికో, మోతాదు మించితేనో కళ్ళు తిరుగుతాయి, ఒప్పుకుంటాను. ఈయనకి ఆ భయం అక్కర్లేదు, ఆ పాదాలు చూస్తే చాలు.

1958లో క్లోరోథయాజైడ్ అనే నీళ్ళ బిళ్ళలు బజారుకొచ్చాయి, ఆ తర్వాత ఈయన వేసుకునే లాసిక్స్. పాదరసం సూదులు మూలపడ్డాయి. నరంలోకి ఎక్కిస్తే గుండె ఆగిన కేసులూ ఉన్నాయి మరి. మందు మారినా సూత్రం అదే, ఉప్పుని తోలడం. ఇటు బిళ్ళ తోలుతుంటే అటు ఈయన ఆవకాయతో నింపుతున్నారన్నమాట. అసలు తగువు బావగారితో కాదు.

జాడీ అటకెక్కించేశాను. మోకాళ్ళ నొప్పులు కదా, నిచ్చెనెక్కలేరు.