లాల పోసే సబ్బు కొనేముందు డబ్బా వెనక్కి తిప్పండి

బేబీ సోప్ అని రాసి, నవ్వే పాపాయి బొమ్మ వేసినంత మాత్రాన అది పసిబిడ్డ ఒంటికి పడుతుందని లేదు. చదవాల్సింది వెనకవైపు చిన్న అక్షరాలు. సోడియం పామేట్, సోడియం పామ్ కెర్నలేట్, సోడియం కోకోయేట్ అని మొదట్లోనే కనిపిస్తే అది అచ్చమైన సబ్బు, అంటే నూనెను క్షారంతో కలిపి చేసినది. దాని పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత; 7 దాటితే క్షారం, తగ్గితే ఆమ్లం) 9, 10 దాకా ఉంటుంది. పుట్టినప్పుడు 6 పైన ఉండే బిడ్డ చర్మం పీహెచ్ మెల్లగా 5.5 దగ్గరకు దిగుతుంది. పైపొర గట్టిపడటానికి ఆ కొద్దిపాటి ఆమ్లగుణం కావాలి. రోజూ సబ్బు రుద్దితే దాన్ని కుదురుకోనివ్వం. చేత్తో చేసిన కొబ్బరినూనె సబ్బుకైనా, మేకపాల సబ్బుకైనా ఇదే లెక్క. టీఎఫ్‌ఎం (మొత్తం కొవ్వు పదార్థం) 76 శాతం, గ్రేడ్ 1 అని ఉంటే అందులో కొవ్వు పదార్థం ఎక్కువని అర్థం, క్షారగుణం తక్కువని కాదు.

పసివాళ్ళకు సబ్బు కాని సబ్బు, అంటే సిండెట్ బార్ మేలు. అందులో ముందు సోడియం కోకోయిల్ ఐసెథియోనేట్ ఉంటుంది. లిక్విడ్ అయితే డెసిల్ గ్లూకోసైడ్, కోకో గ్లూకోసైడ్, కోకామిడోప్రొపైల్ బీటైన్ లాంటివి చూడండి. పీహెచ్ 5.5 అని రాసి ఉంటే ఇంకా మంచిది. సోడియం లారిల్ సల్ఫేట్ ఉంటే అక్కడే పెట్టేయండి. పర్ఫ్యూమ్, ఫ్రాగ్రెన్స్, మిథైల్‌ఐసోథయాజొలినోన్ అనే నిల్వ రసాయనం ఉన్నా వద్దు. బిడ్డకు పరిమళం అక్కర్లేదు, అది కొనేవాళ్ళ ముక్కు కోసం. ‘హైపోఅలర్జెనిక్’ (అలర్జీ తెచ్చే అవకాశం తక్కువ) అనే మాటను నమ్ముకుని మాత్రం కొనకండి. ఆ మాట వేసుకోవడానికి ఫలానా పరీక్ష నెగ్గాలన్న గట్టి నియమమేమీ లేదు.

ఎంత మంచి సబ్బు కొన్నా బోరు నీళ్ళు దెబ్బతీస్తాయి. బకెట్ అంచున తెల్లటి పెచ్చు కడుతోందంటే, సబ్బు నురగ రావట్లేదంటే అవి కఠిన జలాలు. అందులోని కాల్షియం సబ్బుతో కలిసి జిడ్డు తెట్టులా మారి చర్మానికి అంటుకుంటుంది, ఎన్ని చెంబులు పోసినా పూర్తిగా పోదు. మెడ మడతల్లో, మోకాళ్ళ వెనక పొడిబారి ఎర్రబడటానికి ఇదీ ఒక కారణం కావచ్చు. సిండెట్‌తో ఆ తెట్టు కట్టదు. హైదరాబాద్‌లో మంజీరా, కృష్ణా నల్లా నీళ్ళు వచ్చే ఇళ్ళవాళ్ళు బిడ్డకు సరిపడా అవే పట్టి పెట్టుకోవచ్చు. ఆర్వో మిషన్ వదిలే వేస్ట్ నీళ్ళు మాత్రం వాడొద్దు, లవణాలన్నీ చిక్కబడేది అందులోనే.

సున్నిపిండి సంగతి అమ్మమ్మలకు నచ్చకపోవచ్చు. పెసరపిండి ఎంత మెత్తగా పట్టించినా పలుకు ఉంటుంది, నలుగు పెట్టి రుద్దితే పల్చటి పైపొర గీసుకుపోతుంది. చంకల్లో, గజ్జల్లో మిగిలిన పిండి తడికి నాని ఒరుపు పడుతుంది. రుద్దితే నూగు రాలుతుందంటారు గానీ, ఆ నూగు కొన్ని వారాల్లో దానంతటదే రాలిపోతుంది. ఒంటికి నూనె రాయాలంటే కొబ్బరినూనె చాలు. ఆవనూనె, ఆలివ్ నూనె చర్మపు పొరను బలహీనపరుస్తాయి. ముక్కులో, చెవుల్లో నూనె చుక్కలు వేయడం ఎప్పుడూ వద్దు, ముక్కులో వేసింది ఊపిరితిత్తుల్లోకి దిగితే ప్రమాదం.

పుట్టిన 24 గంటల వరకూ స్నానం ఆపమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. బొడ్డు ఊడేదాకా తడిగుడ్డతో తుడవడం మేలు. నీళ్ళు 37, 38 డిగ్రీలు ఉండాలి. థర్మామీటర్ లేకపోతే మోచేత్తో చూడండి, వెచ్చగా తగలాలే గానీ చుర్రుమనకూడదు. స్నానం 5 నుంచి 10 నిమిషాల్లో అయిపోవాలి. ఎండాకాలం రోజూ నీళ్ళు పోసినా, క్లెన్సర్ వారానికి రెండు మూడుసార్లు చాలు. మిగతా రోజుల్లో మలమూత్రాలు అంటుకునే చోట మాత్రం కాస్త వాడండి. ఒంటికంతా ఒక్క పంపు లిక్విడ్ సరిపోతుంది. ముందు మీ అరచేతిలో నీళ్ళతో కలిపి, ఆ తర్వాతే బిడ్డకు రాయండి. తల చివర్లో కడిగితే బిడ్డ చలికి వణకదు. తుడిచేటప్పుడు రుద్దకుండా అద్దండి. ఒళ్ళు కాస్త తడిగా ఉండగానే వాసన లేని మాయిశ్చరైజర్ పల్చగా పూయండి. పౌడరు డబ్బా, సాంబ్రాణి పొగ రెండూ బిడ్డ ఊపిరికి చేటే.

కొత్తది ఏది తెచ్చినా తొడ మీద రూపాయి బిళ్ళంత చోట రాసి, కడిగి, ఒక రోజు ఆగి చూడండి. ఎరుపు గానీ దద్దురు గానీ లేకపోతేనే ఒంటికంతా వాడండి. ఆ తర్వాత ఎప్పుడైనా రసి కారినా, పొక్కుల్లో చీము కనిపించినా సబ్బు మార్చి చూస్తూ కూర్చోకుండా అదే రోజు పిల్లల డాక్టరుకు చూపించండి.