మాత్ర వద్దనుకున్నవాడి పూతమందులు

బట్టతల మొదలైన మగవాళ్లకు వైద్యులు సాధారణంగా ముందు రాసేవి రెండే: రోజుకు 1 మిల్లీగ్రాము ఫినాస్టెరైడ్ మాత్ర, తలకు రాసుకొనే మినాక్సిడిల్. వీటిలో మాత్ర నాకు వద్దనీ, పూతమందులతోనే నెట్టుకొస్తాననీ బెజవాడ సూర్యారావుపేటలో నేను చూపించుకొనే చర్మవైద్యుడితో చెప్పినప్పుడు ఆయన కాదనలేదు. "మంచిదేనండీ, కానీ ఆ మాత్ర చేసే పని ఇంకేది చేస్తుందో ముందు తేల్చుకోవాలి కదా" అని మాత్రం అన్నారు. నేను ఇప్పుడు పూతమందులను కలిపి వాడుతున్న తీరు ఆ ప్రశ్న నుంచే వచ్చింది.

మాత్ర చెడ్డదని నేను అనను. 1997లో అమెరికాలో దానికి అనుమతి రాకముందు జరిపిన పరీక్షల్లో లైంగిక సమస్యలు వచ్చాయని చెప్పినవాళ్లు 3.8 శాతం కాగా, మందు లేని ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలోనూ 2.1 శాతం మంది ఆ మాటే చెప్పారు. తేడా పెద్దదేమీ కాదు. నా సంకోచానికి కారణం వేరు. కొన్నేళ్ల క్రితం నేను కుంగుబాటుకు చికిత్స తీసుకున్నాను. 2025 మే నెలలో యూరప్ ఔషధ సంస్థ నిపుణుల సంఘం ఫినాస్టెరైడ్ మాత్రల దుష్ప్రభావాల్లో ఆత్మహత్య ఆలోచనలు కూడా ఉన్నాయని నిర్ధారించింది. అలాంటి గతం లేనివారు ఇదే లెక్కను చూసి మాత్ర వేసుకోవచ్చు, అందులో తప్పేమీ లేదు.

వంశపారంపర్యంగా వచ్చే బట్టతలలో టెస్టోస్టిరాన్ మీద 5-ఆల్ఫా రిడక్టేజ్ అనే ఎంజైము పనిచేసి దాన్ని డీహెచ్‌టీ అనే హార్మోనుగా మారుస్తుంది. నుదుటి మూలల్లోనూ నడినెత్తిమీదా ఉండే కుదుళ్లు దానికి లొంగిపోయి ఏడాదికేడాది చిన్నవై, చివరికి నూగులాంటి వెంట్రుకలు మాత్రమే ఇస్తాయి. ఫినాస్టెరైడ్ మాత్ర ఆ ఎంజైమును అడ్డుకొని రక్తంలో డీహెచ్‌టీని సుమారు 70 శాతం తగ్గిస్తుంది. మినాక్సిడిల్ దారి పూర్తిగా వేరు. అది మొదట రక్తపోటు మాత్రగా వచ్చింది. వేసుకున్న రోగులకు ఒంటినిండా వెంట్రుకలు పెరగడం గమనించిన తరువాత పూతమందుగా తయారుచేయగా, 1988లో 2 శాతం ద్రావణానికి అమెరికాలో అనుమతి లభించింది. అది కుదుళ్లను ఎదుగుదల దశలోకి తెచ్చి ఎక్కువకాలం అక్కడే నిలుపుతుందే తప్ప డీహెచ్‌టీ జోలికి పోదు. అందుచేత మాత్ర మానేసి మినాక్సిడిల్ ఒక్కదాన్నే పట్టుకోవడం చిల్లుకుండలో నీళ్లు పోసినట్టే: పోసినంతకాలం నీళ్లు కనబడతాయి, చిల్లు మాత్రం అలాగే ఉంటుంది. ఆ చిల్లు సంగతి కూడా తల మీదనే చూసుకోవాలనుకుంటే పూతమందు రూపంలోని ఫినాస్టెరైడ్ కావాలి.

ఇక్కడే ఎక్కువమంది పొరబడుతున్నారని నా అనుమానం. మినాక్సిడిల్ 5 శాతం, ఫినాస్టెరైడ్ 0.1 శాతం కలిపిన సీసాలు మన దగ్గర విరివిగా దొరుకుతాయి. గవర్నరుపేటలో ఒక మందుల షాపులో కుర్రాడు సీసా నా చేతిలో పెడుతూ, "తలకు రాసేదే కదా సార్, ఒంట్లోకి పోదు" అని ధీమాగా చెప్పాడు. సీసా మీది అంకెలు ఆ మాటను ఒప్పుకోవు. 0.1 శాతం అంటే 1 మిల్లీలీటరులో 1 మిల్లీగ్రాము, అంటే సరిగ్గా ఒక మాత్రలో ఉన్నంత. పూటకొక మిల్లీలీటరు చొప్పున రెండు పూటలా రాస్తే నెత్తిమీద పడేది రెండు మాత్రల మందు. అదంతా చర్మం లోపలికి ఇంకదన్నది నిజమే, కానీ ఇంకినంతవరకూ రక్తంలో కలుస్తుంది. యూరప్‌లో వాడే 0.25 శాతం ఫినాస్టెరైడ్ స్ప్రే గాఢత ఎక్కువే అయినా, ఒక్కో నొక్కుకు 50 మైక్రోలీటర్లే వస్తాయి, రోజుకు 4 నొక్కులు మించకూడదు. అంటే రోజుకు అర మిల్లీగ్రాముకు లోపే. ఆ స్ప్రే మీద జరిగి 2022లో వెలువడిన పెద్ద పరీక్షలో రక్తంలోని డీహెచ్‌టీ దాదాపు 35 శాతం తగ్గింది, మాత్ర వేసుకున్నవాళ్లలో 56 శాతం తగ్గింది. వెంట్రుకల లెక్కలో మాత్రం రెండూ దరిదాపుగా సమానంగానే నిలిచాయి. కాబట్టి పూతమందు మాత్రకంటే తక్కువగా ఒంట్లోకి వెళ్తుందనడం సబబే గానీ, అసలు వెళ్లదనడం అబద్ధం. దుకాణాల్లో విడిగా కలిపి అమ్మే ఫినాస్టెరైడ్ పూతమందుల గురించి 2019 నుంచి 2024 వరకు 32 ఫిర్యాదులు వచ్చాయని అమెరికా ఔషధ సంస్థ 2025 ఏప్రిల్‌లో హెచ్చరించింది కూడా. ఇదంతా మా డాక్టరుగారి ముందు పెడితే, కలిపిన సీసాను రాత్రి ఒక్క పూటకు పరిమితం చేసి, ఉదయానికి ఉత్త మినాక్సిడిల్ రాశారు. మనసులో తేడా ఏమాత్రం కనిపించినా రాత్రి సీసా ఆపేసి వెంటనే రమ్మన్నారు.

ఇక రాయడమనే పని కాగితం మీద కనిపించినంత తేలిక కాదు, బెజవాడలో మరీను. ఏప్రిల్ దాటాక ఉదయం ఎనిమిది గంటలకే చెమట ధారగా కారుతుంది. ఆ తల మీద మందు వేస్తే అది కుదుళ్లకు చేరక నుదుటిమీదుగా చెంపలకు జారుతుంది, చెంపల మీద కూడా వెంట్రుకలు మొలిపించడానికి దానికేమీ అభ్యంతరం ఉండదు. నేను స్నానం చేసి, తల బాగా ఆరాక, ఫ్యాను కింద కూర్చొని పాపిడి పాపిడిగా విడదీసుకుంటూ, డ్రాపరు కొన చర్మానికి తగిలేటట్టు పెట్టి కొద్దికొద్దిగా వదిలి వేలితో అద్దుతాను. వెంట్రుకలకు పట్టిన మందు వృథా, చర్మానికి పట్టిందే మందు. మందు వేసిన నాలుగు గంటలవరకు తల తడపకూడదు, ఆరకముందు హెల్మెట్ పెట్టకూడదు. మా అమ్మ "నూనె చుక్క లేకుండా జుట్టు ఎట్లా నిలుస్తుందిరా?" అని రోజూ పోరుతుంది, ఆమె మాట తీసేయలేక ఆదివారం తలంటుకు ముందు మాత్రం కొబ్బరినూనె పెట్టించుకుంటాను. ద్రావణంలోని ప్రొపిలీన్ గ్లైకాల్ నా తలకు పడక దురద, పొట్టు మొదలైతే ఉదయం పూటకు నురుగు రూపంలో వచ్చే మందుకు మారాను, అందులో ఆ పదార్థం ఉండదు.

ఈ రెండింటికి తోడు 2 శాతం కీటోకొనజోల్ షాంపూ వారానికి రెండుసార్లు వాడుతున్నాను, నురుగు వచ్చాక ఐదు నిమిషాలు ఉంచి కడిగేస్తాను. చుండ్రు తగ్గించడం దాని అసలు పని. జుట్టు విషయంలో దానికి ఉన్న ఆధారాలు చిన్నవి. తల చర్మాన్ని సన్నని సూదులతో పొడిచే రోలరు సంగతి అలా కాదు. ముంబయిలో 100 మంది మగవాళ్ల మీద చేసి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, వారానికొకసారి 1.5 మిల్లీమీటర్ల సూదుల రోలరు, దానితోపాటు మినాక్సిడిల్ వాడినవాళ్లకు 12 వారాల్లో పెరిగిన వెంట్రుకలు, ఉత్త మినాక్సిడిల్ వాడినవాళ్లకు పెరిగినవాటికి నాలుగింతలు. వాళ్లు రోలరు వాడిన రోజున మందు రాయలేదు, 24 గంటల తరువాతే రాశారు. పొడిచిన చర్మంలోంచి మందు రక్తంలోకి ఎక్కువగా దిగుతుంది. ఫినాస్టెరైడ్ ఒంట్లోకి ఎక్కువ పోకూడదనే పూతమందును ఎంచుకున్నవాడు ఆ రాత్రి అదే మందు రాస్తే ఎంచుకున్న ప్రయోజనమే పోతుంది. రోజ్‌మేరీ నూనె, కెఫీన్ సీరమ్‌లను నేను ముట్టుకోలేదు, ఒక తల మోయగలిగే బరువుకూ హద్దుంటుంది.

ఏ రెండింటినీ ఒకే రోజున మొదలుపెట్టకపోవడం మంచిది. మినాక్సిడిల్ మొదలుపెట్టిన కొన్ని వారాలకు పాత వెంట్రుకలు గుత్తులుగా రాలతాయి. కుదుళ్లు కొత్త దశలోకి మారుతున్నందువల్ల వచ్చే రాలడం అది. ఆ సమయంలోనే ఇంకొక మందు చేరిస్తే తప్పెవరిదో తెలియదు, దురద వచ్చినా అంతే. ఫలితం చూడటానికి ఎలాగూ నాలుగు నుంచి ఆరు నెలలు పడుతుంది. నా విషయంలో నడినెత్తి నిండింది, నుదుటి మూలలు ఎక్కడివక్కడే ఆగాయి.

చెల్లెలు పురిటికి మా ఇంటికి రావడంతో ఈ మధ్య ఈ పద్ధతి మరికొంత మారింది. కడుపులో మగబిడ్డ ఉంటే ఫినాస్టెరైడ్ ఆ బిడ్డ జననాంగాల ఎదుగుదలకు హాని చేస్తుంది కాబట్టి గర్భిణులు దాన్ని తాకనే కూడదు. నా తువ్వాలు, దిండు గలీబు విడిగా ఉతికించుకోవడమే కాక, ఆమె కాన్పయ్యేవరకు డాక్టరుగారి సలహా మీద ఆ సీసాను పూర్తిగా పక్కన పెట్టి, రెండు పూటలా మినాక్సిడిలే వాడాను. బిడ్డ పుట్టాక ఇంకో జాగ్రత్త వచ్చిపడింది. తండ్రి తలకు రాసుకున్న మినాక్సిడిల్ తగిలి పసిబిడ్డ ఒంటినిండా వెంట్రుకలు మొలిచిన ఉదంతం స్పెయిన్‌లోని నవార్రాలో బయటపడింది. తండ్రి మందు మానేశాక అవి పోయాయి. అందుకని మేనల్లుడు నిద్రపోయాకనే రాత్రి మందు రాస్తున్నాను, వెంటనే చేతులు సబ్బుతో కడుక్కుంటున్నాను, ఉదయం తలస్నానం అయ్యేవరకు వాణ్ణి ఎత్తుకోవడం లేదు.