తవుడులోని భాస్వరం శీలావతికి అందుతుందా? – నా పీజీ ప్రయోగం

ఆకివీడు, ఉండి, కైకలూరు వైపు చెరువులు చూసినవాళ్లకు సంచుల మేత తెలిసే ఉంటుంది. చిల్లులు పెట్టిన సంచుల్లో నూనె తీసిన తవుడు, వేరుశనగ చెక్క నింపి, చెరువులో పాతిన కర్రలకు కడతారు. శీలావతి (రోహు), బొచ్చె చేపలు ఆ చిల్లుల దగ్గర మూతి పెట్టి తింటాయి. మా మామయ్య చెరువులో చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. ఫిషరీస్ పీజీలో ప్రయోగానికి టాపిక్ ఎంచుకోమన్నప్పుడు నేను ఆ తవుడునే పట్టుకున్నాను.

తవుడులో భాస్వరం దండిగా ఉంటుంది. కానీ ఎక్కువ భాగం ఫైటేట్ రూపంలో బిగుసుకుపోయి ఉంటుంది. దాన్ని విడగొట్టే ఫైటేజ్ ఎంజైము చేప పేగులో సరిపడా ఉండదు. అందుకే ఎముకకు, పొలుసుకు చేరాల్సిన భాస్వరం మలంతో పాటు నీళ్లలోకి పోతుంది. దాంతో నాచు పెరిగి నీరు పచ్చబడుతుంది, తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోతుంది, చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయి. ఆ టెన్షన్ ఏంటో చెరువు రైతు ఇంట్లో పుట్టినవాళ్లకు చెప్పక్కర్లేదు.

కోళ్ల మేతలో ఫైటేజ్ ఎప్పటి నుంచో వాడుతున్నారు. కానీ శీలావతికి కోడికి ఉన్నట్టు జీర్ణాశయం లేదు, తిన్నది నేరుగా పేగులోకి పోతుంది. ఆమ్లం ఊరే చోటే లేదు. బజారులో దొరికే ఫైటేజ్‌లు చాలావరకు పీహెచ్ 5 దగ్గర, అంటే కాస్త ఆమ్లం ఉన్న చోట, బాగా పనిచేస్తాయి. శీలావతి పేగులో అది 7కి అటూ ఇటూ ఉంటుంది. అందుకే మేతలో కాస్త సిట్రిక్ యాసిడ్, అంటే వంటింట్లో వాడే నిమ్మ ఉప్పు, కూడా కలుపుదామన్నారు మా గైడ్ మేడమ్. రోహు మీద ఇలాంటి పని మన దేశంలో ఇదివరకే జరిగింది. మన దగ్గర వాడేంత ఎక్కువ తవుడు ఉన్న మేతలో ఏమవుతుందన్నది నా ప్రశ్న.

మొత్తం నాలుగు రకాల మేతలు: ఉత్త తవుడు మేత, ఫైటేజ్ కలిపింది, నిమ్మ ఉప్పు కలిపింది, రెండూ కలిపింది. ఒక్కోదానికి మూడు తొట్లు. ఏ తొట్టికి ఏ మేత అన్నది చీటీలు తీసి తేల్చాం. లేకపోతే నీడన ఉన్న తొట్టి గొప్పదనం మేత ఖాతాలో పడిపోతుంది.

మేత తయారీకి నేను అనుకున్నదానికంటే చాలా ఎక్కువ శ్రమ పట్టింది. అన్నీ మెత్తగా మరపట్టి, జల్లించి, ముద్ద కలిపి, ఆవిరి మీద ఉడికించి, చల్లారాక జంతికల గొట్టం లాంటి యంత్రంలో ఒత్తాలి. ఎంజైము ముందే కలిపితే ఆ వేడికి చచ్చిపోతుంది. అందుకని గుళికలు పూర్తిగా ఆరాక నీళ్లలో కరిగించి పైన స్ప్రే చేశాం. చేతికి తడి తగలకుండా ఆరేదాకా ఫ్యాన్ కిందే పెట్టి కలియబెడుతూ ఉండేదాన్ని.

ఎంత అరిగిందో తెలుసుకోడానికి మేతలో 0.5 శాతం క్రోమిక్ ఆక్సైడ్ కలుపుతారు. అది అరగదు, ఎంత లోపలికి పోతే అంతే బయటికి వస్తుంది. మేతంతా ఆకుపచ్చగా మారుతుంది, మలం కూడా పచ్చటి దారాల్లా వస్తుంది. మేత వేసిన కొద్ది గంటలకు సన్నటి పైపుతో ఆ దారాలు తెగకుండా లాగాలి. తెగితే అందులోని భాస్వరం నీళ్లలో కలిసిపోతుంది, మేత బాగా అరిగిందన్న తప్పుడు లెక్క వస్తుంది. తినకుండా మిగిలిన మేత కూడా తీసి, ఆరబెట్టి, తూచాలి. ఇవి రెండూ ఒళ్లు దగ్గర పెట్టుకుని చేయకపోతే ఆ తర్వాత ఎంత పెద్ద ల్యాబ్‌కు పంపినా లాభం లేదు. ఈ మాట జూనియర్లకు గట్టిగా చెబుతాను.

వానాకాలం మధ్యలో ఒక రాత్రి గాలివానకు కరెంటు పోయింది, జనరేటర్ స్టార్ట్ అవ్వలేదు. వాచ్‌మన్ బాబాయ్, నేను చేపలకు గాలి అందేలా మగ్గులతో నీళ్లు ఎత్తి తొట్లలో పోస్తూ తెల్లవార్లూ నిలబడ్డాం. చేపలన్నీ దక్కాయి.

చివర్లో చేపలను లవంగ నూనె కలిపిన నీళ్లలో మత్తులో ఉంచి తూచాం, రక్తం తీశాం. వెన్నెముకల మాంసం ఒలిచి, ఎండబెట్టి, ఫర్నేస్‌లో 550 డిగ్రీల దగ్గర బూడిద చేశాం. ఫైటేజ్, నిమ్మ ఉప్పు రెండూ తిన్న చేపల ఎముకల్లో బూడిద, భాస్వరం ఎక్కువ ఉన్నాయి. మలంలో భాస్వరం తగ్గింది. బరువులో మాత్రం తేడా నేను ఆశించినంత రాలేదు. థీసిస్‌లో అదే రాశాను. బరువు పెద్దగా పెరగకపోయినా చెరువు నీళ్లలోకి పోయే భాస్వరం తగ్గడమే పెద్ద విషయమని నా నమ్మకం.

ఫలితాలు మామయ్యకు చెబితే అంతా విని, "అది సరే అమ్మా, నేను సంచుల్లో పోసేది గుళికలు కాదు, పొడి మేత కదా. నీ మందు నీళ్లల్లో కొట్టుకుపోదూ?" అన్నాడు. నిజమే, గుళిక మీద స్ప్రే చేసిన ఎంజైము సంచుల పద్ధతికి పనికిరాదు. దానికి దారి తవుడునే ముందు ఎంజైము, నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లతో తడిపి, కొన్ని గంటలు నానబెట్టి, భాస్వరం విడిపోయాక సంచుల్లో నింపడం. గట్టు మీదే చేసుకోగలిగిన పని ఇది. ఎంతసేపు నానాలి, ఎండకు పులిసిపోకుండా ఎలా ఉంచాలి అన్నవి తేల్చాలి. మామయ్య తన పిల్ల చెరువు ఇస్తానన్నాడు. వేసవిలో మొదలుపెడుతున్నాం.