పెద్దవాళ్లతో బదరీ, కేదారం: మేం వరస తిరగేసి వెళ్లాం

కేదార్‌నాథ్ గుడి 3,583 మీటర్ల ఎత్తున ఉంది. హైదరాబాద్ 540 మీటర్ల దగ్గర ఉంటే హరిద్వార్ 314 మీటర్లే. ప్యాకేజీ బస్సులు చాలావరకు హరిద్వార్‌లో ఎక్కించుకుని, మూడో రాత్రికల్లా మనిషిని పైన పడుకోబెట్టేస్తాయి. కోవిడ్‌కు ముందు అలా వెళ్లొచ్చినవాళ్లు ఊరికి పదిమంది ఉంటారు. కానీ 2021లో ఊపిరితిత్తులకు నెమ్ము చేరి బయటపడ్డ మనిషినీ, ఏళ్లుగా షుగరూ బీపీ ఉన్న ఇంకో మనిషినీ ఆ పరుగు మీద తీసుకెళ్లడానికి మాకు ధైర్యం చాల్లేదు. చార్‌ధామ్‌లో మిగతా రెండూ, అంటే యమునోత్రి, గంగోత్రి మానుకున్నాం. ముందు కేదారం, తర్వాత బదరీ అన్న ఆచారాన్ని కూడా తిరగేసి బదరీకే ముందు వెళ్లాం. ఇంట్లో దీని మీద గొడవే అయింది.

కారణం ఇదీ: 3,500 మీటర్ల దగ్గర ఒక్కో శ్వాసకు అందే ఆక్సిజన్ సముద్రమట్టంతో పోలిస్తే మూడింట రెండు వంతులే. ఒళ్లు దానికి అలవాటు పడటానికి రోజులు కావాలి. బదరీనాథ్ 3,100 మీటర్లున్నా గుడి దగ్గరిదాకా రోడ్డుంది. అక్కడ రెండు రాత్రులు పడుకుంటే కొండెక్కే కష్టం లేకుండానే ఒంటికి ఎత్తు కొంత అలవాటవుతుంది. ఎక్కుడంతా ఆ తర్వాత పెట్టుకోవచ్చు.

జులై, ఆగస్టుల్లో వానలకు కొండచరియలు విరిగిపడతాయి కాబట్టి ఆ నెలలు వద్దు. మే, జూన్‌లలో జనం. సెప్టెంబరు చివర నుంచి దీపావళి లోపు మేలు. భగినీ హస్త భోజనం నాడు కేదారం గుడి మూసేస్తారు.

రెండు నెలల ముందే పరీక్షలు మొదలుపెట్టాం. మొదటిది కోవిడ్ రోజుల్లో అందరం ఇంట్లో చేసుకున్నదే: ఆక్సీమీటర్ పెట్టి అంకె చూసుకోవడం, ఆరు నిమిషాలు ఆగకుండా నడవడం, మళ్లీ చూసుకోవడం. నడిచాక 94 కంటే తగ్గినా, మొదటి అంకె కంటే 3, 4 పడిపోయినా ఊపిరితిత్తుల డాక్టరుకు చూపించందే టికెట్లు కొనొద్దు. తర్వాత ఈసీజీ, 2డీ ఎకో, గుండె డాక్టరు అవసరమంటే టీఎంటీ (ట్రెడ్‌మిల్ మీద నడిపించి చేసే గుండె పరీక్ష). మూడు నెలల షుగర్, కిడ్నీల కోసం క్రియాటినిన్. చాలామంది వదిలేసేది హిమోగ్లోబిన్. ఒంట్లో ఆక్సిజన్‌ను మోసేదే అది. అది 9 ఉన్న మనిషిని పైకి తీసుకెళ్తే గాలి తక్కువ, మోసేదీ తక్కువ. ముందు దాన్ని సరిచేసుకోవాలి, దానికి నెలలు పట్టొచ్చు.

ఫ్లూ టీకా ప్రయాణానికి కనీసం రెండు వారాల ముందు వేయించాం. రోజూ నడక ఇరవై నిమిషాలతో మొదలుపెట్టి గంట దాకా పెంచాం. చివరి నెల అపార్ట్‌మెంట్ మెట్లు. మెట్లు ఎక్కుతూ మాట్లాడగలిగితే ఆ వేగం సరైనదే; మాట తెగుతుంటే తగ్గించాలి. కొండ మీదా ఇదే కొలత.

ఎత్తుకు వాడే మందు ఎసిటజోలమైడ్, మందుల షాపులో డయామాక్స్ అంటే ఇస్తారు. మామూలుగా 125 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, ఎక్కడానికి ముందు రోజు నుంచి. సల్ఫా మందులు పడనివాళ్లకు, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లకు, బీపీకి నీళ్ల మాత్ర (ఒంటేలు ఎక్కువ చేసేది) వాడేవాళ్లకు డాక్టరు చూడకుండా ఇవ్వకూడదు. వేసుకుంటే వేళ్ల చివర్లు చిమచిమలాడతాయి, ఒంటేలు ఎక్కువ వస్తుంది. ఆ రెండోదానికి భయపడి పెద్దవాళ్లు నీళ్లు మానేస్తారు, అసలు చిక్కంతా అక్కడే. బండి ప్రతి రెండు గంటలకు ఆపుతామని డ్రైవరుతో ముందే ఒప్పుకోవాలి.

యాత్ర రిజిస్ట్రేషన్ ఆధార్‌తో ఆన్‌లైన్‌లో చేసుకున్నాం. క్యూఆర్ కోడ్ ప్రింటు తీసి పెట్టుకోండి, దారిలో సిగ్నల్ ఉండదు. తేదీలు రాసేటప్పుడు బదరీ ముందు, కేదారం తర్వాత అని మన వరసే ఇవ్వాలి.

మందులు రెండు సంచుల్లో, ప్రయాణ రోజులకు మరో ఐదు రోజులు కలిపి. చీటీ మీద కంపెనీ పేరు కాక మందు పేరు రాయించాలి. మన దగ్గరి బ్రాండు గుప్తకాశీలో దొరకదు. ఇన్సులిన్‌కు ఇక్కడ వేడి భయమైతే అక్కడ చలి భయం. గడ్డకట్టిందంటే కరిగాక కూడా పనికిరాదు. చొక్కా లోపలి జేబులో, ఒంటికి ఆనుకుని ఉండాలి. గ్లూకోమీటర్ కూడా అంతే. చాలా మిషన్లు 10 డిగ్రీల కింద ఎర్రర్ చూపిస్తాయి. పది నిమిషాలు చంకలో పెట్టి తీస్తే పనిచేస్తుంది.

ఢిల్లీ దాకా ఏసీ బోగీలో, తర్వాత షేర్ జీపుల్లో ఎన్95 మాస్కు తీయలేదు. 2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్ అత్యవసర పరిస్థితి అయిపోయిందని చెప్పాక మాస్కు పెట్టుకున్నవాళ్లను వింతగా చూస్తున్నారు, చూడనివ్వండి. రైల్లో అంటిన జలుబు మూడో రోజుకు దగ్గుగా మారితే, అది జలుబు దగ్గో ఎత్తు తెచ్చిన దగ్గో పైన తేల్చడం కష్టం. ఎక్కేటప్పుడు మాత్రం ఎన్95 వద్దు, ఊపిరి ఆడదు. గుర్రాల పేడ ఎండి లేచే దుమ్ముకు పల్చటి తువ్వాలు చాలు.

హరిద్వార్‌లో ఒక రాత్రి, జోషీమఠ్‌లో ఒకటి (1,900 మీటర్ల దగ్గర, 2023 జనవరిలో ఇళ్లు బీటలు వారిన ఊరే), బదరీలో రెండు. బదరీలో మొదటి రోజు గది, గుడి, గది, అంతే. గుడి దగ్గరి వేడినీటి గుండం, తప్తకుండం నీళ్లు బాగా వేడి. బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు అందులో ఎక్కువసేపు ఉండి చటుక్కున లేస్తే కళ్లు తిరిగి పడతారు. చెంబుతో పోసుకోవాలి, లేదా రెండు నిమిషాలుండి గట్టు మీద కూర్చుని నెమ్మదిగా లేవాలి. తల వెంటనే తుడవాలి. అక్కడి నుంచి చమోలీ, చోప్తా మీదుగా గుప్తకాశీ దిగి ఒక రాత్రి పడుకున్నాం.

తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరితే సోన్‌ప్రయాగ్ దగ్గర సొంత బండి ఆపేస్తారు. అక్కణ్ణించి గౌరీకుండ్ దాకా 5 కిలోమీటర్లు స్థానిక జీపు. ఆ తర్వాత జంగిల్‌చట్టీ, భీమ్‌బలీ, లిన్‌చోలీ మీదుగా పదహారు కిలోమీటర్లకు పైనే ఎక్కుడు. గుర్రం, డోలీ ప్రీపెయిడ్ కౌంటర్లోనే మాట్లాడాలి, రసీదు దిగేదాకా దాచాలి. నడిచేవాళ్లు ఎప్పుడూ కొండ వైపే ఉండాలి, లోయ వైపు కాదు. గుర్రాలు పక్కకు తోసినప్పుడు కొండ వైపున్నవాడు గోడకు ఆనుకుంటాడు. మధ్యాహ్నం వాన గ్యారంటీ అనుకోండి. గొడుగు గాలికి నిలవదు, ప్యాంటుతో కూడిన రెయిన్‌కోటు కావాలి. తడిసిన బట్టతో ఒక గంట కూర్చుంటే పెద్దవాళ్లకు వణుకు ఆగదు.

పైన ఆక్సీమీటర్ 85 చూపిస్తే కంగారు పడొద్దు, ఆ ఎత్తున మామూలు మనిషికీ అంతే ఉండొచ్చు. వేళ్లు చల్లగా ఉంటే ఇంకా తక్కువ చూపిస్తుంది. అరచేతులు రుద్ది, గోళ్ల రంగు తీసి మళ్లీ చూడాలి. అంకె కంటే మనిషిని చూడాలి. తలనొప్పి, వాంతి, ఆకలి లేకపోవడం ఉంటే ఇంకొక్క అడుగు పైకి వేయకూడదు. కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా, దగ్గులో గులాబీ నురగ వచ్చినా, ఒక కాలి మడమకు రెండో కాలి వేళ్లు ఆనిస్తూ గీత మీద నడవమంటే తూలినా, రాత్రయినా సరే కిందికి దించాల్సిందే. దారిలో వైద్య శిబిరాలున్నాయి, ఆక్సిజన్ అక్కడ అడగండి. డబ్బాల్లో అమ్మే 10 లీటర్ల ఆక్సిజన్, నిమిషానికి 2 లీటర్ల లెక్కన ఐదు నిమిషాలకు మించి రాదు. మేం కొనలేదు. హెలికాప్టర్లో వెళ్లేవాళ్లకూ ఇదే జాగ్రత్త: ఎత్తు దెబ్బ చాలాసార్లు ఆరు నుంచి పన్నెండు గంటల తర్వాత బయటపడుతుంది, అంటే దర్శనమై పడుకున్నాక.

అంత ఎత్తున నీళ్లు 88 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. క్రిములు చావడానికి అది చాలు, అన్నం పప్పు ఉడకడానికి మాత్రం చాలదు. పలుకు అన్నం తింటే రాత్రంతా కడుపుబ్బరం. మరమరాలు, అటుకులు, వేడి సూప్ నయం. విరేచనాలైతే లీటరు ఓఆర్ఎస్ ప్యాకెట్‌ను సరిగ్గా లీటరు నీళ్లలోనే కలపాలి. అర లీటరు సీసాలో మొత్తం పోస్తే ఉప్పు ఎక్కువై విరేచనం పెరుగుతుంది. తీపి డ్రింకులు ఓఆర్ఎస్ కావు. ఆ పేరు వాటి మీద వేయొద్దని 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆదేశించింది. దాని వెనక హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి చేసిన పోరాటం ఉంది.

పైన ఒక్క రాత్రే ఉన్నాం. పొద్దున దర్శనం కాగానే దిగుడు. దిగేటప్పుడు దెబ్బ మోకాళ్లకు, అందుకే చేతికర్ర, మోకాలి పట్టీ ఎక్కేటప్పటికంటే ఇప్పుడే ముఖ్యం. గౌరీకుండ్ చేరాక డయామాక్స్ ఆపేశాం.