ట్యాంకులో పాచి పడితే మందు సంగతి తర్వాత, ముందు మూత చూడండి

మా ఒంగోల్లో కుళాయి నీళ్ళు రోజూ రావు కాబట్టి నీళ్ళు దాచుకోవడమే ఒక పెద్ద పని, సంపు నిండాలి, మేడ మీద ట్యాంకు నిండాలి, అవి చాలక బాత్రూం పక్కన డ్రమ్ములు. ఆ నీళ్ళేమో సాగర్ కుడి కాలువలో బయల్దేరి ఇక్కడి సమ్మర్ స్టోరేజ్ ట్యాంకుల్లో ఎండకి మాగి, మళ్ళా మనింట్లో ఇంకోసారి మాగుతాయి. ఏప్రిల్ వచ్చేసరికి పచ్చగా పాచి పట్టక ఏంజేస్తయ్.

ఇక అందరిదీ ఒకటే ప్రశ్న, ఏం మందెయ్యాలి అని. ఒకరు పటిక అంటారు, పక్కింటి పిన్ని చిల్లగింజ అరగదీసి కలపమంటది, తోటలున్నోళ్ళు మైలుతుత్తం అంటారు. పటికైనా చిల్లగింజైనా మట్టిని అడుక్కి దించుతాయే గానీ పాచి మళ్ళా పుట్టకుండా ఆపలేవు. మైలుతుత్తం చంపుద్ది నిజమే, కానీ తాగే నీళ్ళలో కొలత లేకుండా రాగి ఉప్పు కలుపుకోవడం ఏందో నాకైతే అర్థం కాదు.

పాచి పెరగాలంటే నిలవ నీళ్ళు కావాలి, కాస్త నత్రజని భాస్వరం కావాలి, వెలుతురు కావాలి. నిలవుంచకుండా మనకి గడవదు, పొలాల ఎరువు కాలువ నీళ్ళలో ఎంతో కొంత కలిసే వచ్చుద్ది, కాబట్టి మన చేతిలో ఉన్నది వెలుతురొక్కటే. వెలుతురు లేకపోతే ఎంత ఎరువున్నా పాచి పెరగదు. తెల్ల ట్యాంకు కొనేటప్పుడు లోపల నల్ల పొర ఉందో లేదో చూడండి, ఒకే పొర ఉన్నదైతే మధ్యాహ్నం మూత కాస్త ఎత్తి లోపలికి చూస్తే గోడలే వెలుగుతుంటయ్. అలాంటిదానికి బయట ముదురు రంగు పెయింటెయ్యండి, లేదా పైన రేకు నీడ కట్టండి. మూత పగిలితే ఇటుక పెట్టి సరిపెట్టుకోవడం మనూళ్ళో అలవాటు, ఆ సందు చాలు పాచికి, దోమకి కూడా. నీటిమట్టం చూడ్డానికి పెట్టే పారదర్శకం పైపులో ముందు పట్టుద్ది, దాన్ని తీసేసి ఫ్లోట్ పెట్టుకోవడం మేలు.

అడుగున పేరుకున్న బురదే పాచికి తిండి. కడిగేటప్పుడు గోడలు రుద్దేసి ఊరుకోకుండా ఆ బురద మొత్తం తోడేయాలి.

బ్లీచింగ్ పౌడర్ పనికొస్తది, కానీ గుప్పిళ్ళతో కాదు. వెయ్యి లీటర్లకి 2.5 గ్రాములు మంచి పౌడరైతే చాలు, బకెట్లో కలిపి సున్నం అడుక్కి దిగాక పైన తేట మాత్రమే పోసి గంట ఆగి వాడుకోవాలి. డబ్బా మూత తీసి పెట్టిన పాత పౌడర్లో క్లోరిన్ ఎప్పుడో ఎగిరిపోయి ఉంటది. ఎండ తగిలే నీళ్ళలో వేసినా క్లోరిన్ తొందరగా పోతది, అందుకే తిరిగి తిరిగి మూత దగ్గరికే వస్తన్నా.

మేడ మీద కనపడే మామూలు పచ్చ పాచితో నీళ్ళు వాసనొస్తాయి, ఫిల్టర్ మూసుకుపోతది, అంతకుమించి పెద్ద భయం లేదు. భయపడాల్సింది నీలాకుపచ్చ రకానికి, అది ఎక్కువగా చెరువుల్లో, తెరిచున్న పెద్ద ట్యాంకుల్లో వస్తది. సింగరాయకొండ వైపు రొయ్యల చెరువులోళ్ళకి ఇది బాగా తెలుసు, వాళ్ళు మంచి పాచిని కావాలని పెంచుతారు, ఈ రకం కనపడితే మాత్రం నిద్రపట్టదు. గాలి తోసిన మూలకి పెయింట్ ఒలకబోసినట్టు తెట్టు కట్టుద్ది. పుల్ల ముంచి చూడండి, జుట్టులాగా వేలాడితే మామూలు పాచి, రంగులాగా అంటుకుంటే అనుమానించాలి.

ఈ నీలాకుపచ్చ రకంలో కొన్ని జాతులు మైక్రోసిస్టిన్ అనే విషం చేస్తయ్, కాలేయాన్ని దెబ్బతీస్తది. మనోళ్ళు ఏ నీళ్ళైనా కాచి తాగితే చాలనుకుంటారు గదా, ఇది కాచినా పోదు, పైగా కణాలు పగిలి లోపలి విషం నీళ్ళలోకి వచ్చుద్ది. 2014 ఆగస్టులో అమెరికాలో టొలీడో ఊరికి ఈరీ సరస్సు నీళ్ళలో ఈ విషం వస్తే, తాగొద్దు, కాచొద్దు కూడా అని చెప్పారు. మైలుతుత్తంతో ఒక్కసారిగా చంపినా అదే గొడవ, పాచి చచ్చిపోయి నీళ్ళు తేటగా కనపడతయ్ గానీ విషం అందులోనే ఉంటది.

కాబట్టి ఊరి చెరువులోనో రక్షిత నీటి ట్యాంకులోనో అలాంటి తెట్టు కనపడితే ముందు గేదెల్ని అటు తోలడం ఆపండి, ఇలాంటి నీళ్ళు తాగి పశువులు చచ్చిపోయిన సంగతులు చాలా దేశాల్లో ఉన్నయ్. మీ ఊరి సచివాలయంలో చెప్పి, నీటి సరఫరా ఏఈకి (అసిస్టెంట్ ఇంజినీరుకి) ఫొటో పంపి, పరీక్ష అయ్యేదాకా తాగడానికి వేరే నీళ్ళు తెచ్చుకోండి.